విమానం దిగాక సూట్‌కేస్ పగిలి కనిపిస్తే.. బయటికి రాకముందే చేయాల్సిన పని ఇదీ

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి ఉమ్రాకు, గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్లి వచ్చేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు

ఉమ్రా ముగించుకుని జిద్దా నుంచి తిరిగొస్తున్న తెనాలి కుటుంబం ఒకటి ఉందనుకుందాం. శంషాబాద్‌లో దిగేసరికి తెల్లవారుజాము మూడు గంటలు. బెల్ట్ మీద ఐదు సామాన్లు వచ్చాయి. పెద్ద సూట్‌కేస్‌కు ఒక చక్రం లేదు, మూల దగ్గర పగులు ఉంది. "పోనీలే, ఇంటికెళ్లాక చూద్దాం, బయట బండి వెయిట్ చేస్తోంది" అనుకుని ట్రాలీలో వేసుకుని వచ్చేశారు. ఇల్లు చేరాక తెరిచి చూస్తే అత్తరు సీసాలు పగిలి ఉన్నాయి. బంధువులకు పంచుదామని తెచ్చిన జానమాజులు, కొత్త బట్టలు మరకలు పడ్డాయి.

మర్నాడు ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేస్తే అవతల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. "ఎయిర్‌పోర్టులో రిపోర్ట్ రాయించారా?" లేదంటే వెంటనే రెండో ప్రశ్న. "మరి దారిలో కారులో పగల్లేదని ఎలా నమ్మాలి?"

ఈ రెండో ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. హక్కు లేక కాదు, రుజువు లేక. పగిలిన సామాను విషయంలో మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. చట్టం ప్రయాణికుడి వైపు చాలావరకు బలంగానే ఉంది. కానీ అది రాతపూర్వకంగా, గడువులోగా అడిగినవాళ్లకే పనికొస్తుంది.

ఎక్కడ పగిలింది? అసలు ప్రశ్న ఇదే

మన ఊళ్లలో విమానాశ్రయం లేదు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు శంషాబాద్‌లోనో, గన్నవరంలోనో, చెన్నైలోనో దిగి, అక్కడి నుంచి రైలో, బస్సో, కారో ఎక్కి ఊరు చేరాలి. హజ్ యాత్రికుల కోసం 2023లో విజయవాడను ఎంబార్కేషన్ పాయింట్ చేశారు కాబట్టి గన్నవరం మీదుగా వెళ్లొచ్చినవాళ్లూ ఉన్నారు. ఎటు నుంచి వచ్చినా సామాను రెండు మూడు చేతులు మారుతుంది.

విమానంలో పగిలితే ఒక చట్టం. రైల్లో పగిలితే ఇంకో చట్టం. మాట్లాడుకున్న కారు డిక్కీలో పగిలితే ఆ డ్రైవర్‌తో తేల్చుకోవాలి. అందుకే ఒక దశ ముగిసి ఇంకో దశ మొదలయ్యే ముందు సామాను చూసుకోవాలి. బెల్ట్ దగ్గర చూసుకోకుండా బయటికొస్తే, సామాను బాగానే ముట్టిందని మీరే ఒప్పుకున్నట్టు లెక్క. ఇది ఎయిర్‌లైన్స్ సిబ్బంది సొంతంగా చెప్పే మాట కాదు. అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది. ఫిర్యాదు లేకుండా సామాను తీసుకుంటే, అది మంచి స్థితిలోనే అందిందని ప్రాథమికంగా భావిస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పుడు మన మీద పడుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

విదేశీ విమాన ప్రయాణాలకు వర్తించేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. భారత్ ఇందులో 2009లో చేరింది. మన దగ్గర క్యారేజ్ బై ఎయిర్ చట్టం, 1972 ద్వారా ఇది అమలవుతుంది. సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్ కూడా ఈ ఒప్పందంలో ఉన్న దేశాలే. కాబట్టి మనవాళ్లు వెళ్లొచ్చే గల్ఫ్ దారులన్నిటికీ దాదాపు ఒకే రూలు.

అందులో మనకు కావాల్సిన అంశాలు ఇవి.

మొదటిది. కౌంటర్‌లో అప్పగించిన సామాను ఎయిర్‌లైన్స్ చేతిలో ఉండగా పాడైతే బాధ్యత వాళ్లదే. సిబ్బంది తప్పు చేశారని మనం నిరూపించాల్సిన పనిలేదు. సామానులోనే ముందునుంచి లోపం ఉండి, దానివల్లే పాడైతే మాత్రం ఆ మేరకు వాళ్లకు మినహాయింపు ఉంటుంది. మనతో పాటు పైకి తీసుకెళ్లే హ్యాండ్ బ్యాగ్ సంగతి వేరు. దానికి సిబ్బంది తప్పు ఉంటేనే బాధ్యత.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది గడువు. సామాను పాడైతే, అది చేతికందిన రోజు నుంచి 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సామాను ఆలస్యంగా వచ్చినందుకైతే, అది మన చేతికి వచ్చాక 21 రోజుల్లోగా. ఇవి క్యాలెండర్ రోజులు. శుక్రవారం, ఆదివారం, పండగ సెలవు అన్నీ కలిపే లెక్క. గడువు దాటితే, మోసం జరిగిన సందర్భంలో తప్ప, కేసు వేసే దారి మూసుకుపోతుంది.

మూడోది. ఫోన్‌లో చెప్పడం ఫిర్యాదు కిందికి రాదు. ఈమెయిల్ పంపొచ్చు, వాళ్ల వెబ్‌సైట్‌లోని ఫారం నింపొచ్చు, ఉత్తరం రాయొచ్చు. ఏదైనా సరే రాతలో ఉండాలి, పంపినట్టు మన దగ్గర ఆధారం ఉండాలి.

నాలుగోది. కోర్టుకు వెళ్లాలంటే విమానం గమ్యం చేరిన రోజు నుంచి 2 ఏళ్లు గడువు.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఉమ్రా నుంచి వచ్చిన మొదటి వారం ఇంటినిండా చుట్టాలు. కలవడానికి వచ్చేవాళ్లు, దుఆ అడిగేవాళ్లు, జంజం, ఖర్జూరం పంచడం. ఆ సందడిలో పగిలిన సూట్‌కేస్ మంచం కిందకి చేరుతుంది. అది గుర్తొచ్చేసరికి పదో రోజు. అప్పటికి ఎంత పెద్ద నష్టమైనా అడిగే దారి ఉండదు. అందుకే, అలసటగా ఉన్నా సరే, ఇంటికి వచ్చిన రోజే సామాను మొత్తం విప్పి చూసుకోండి.

ఎంత వరకు వస్తుంది?

మాంట్రియల్ ఒప్పందం కింద సామానుకు ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ పరిమితి ఉంది. ఇది ఎస్‌డీఆర్ లెక్కలో ఉంటుంది. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ కొన్ని దేశాల కరెన్సీలను కలిపి లెక్కగట్టే ఒక యూనిట్. 2019 చివర్లో ఈ పరిమితిని 1,131 నుంచి 1,288 ఎస్‌డీఆర్‌కు పెంచారు. 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్ చేశారు. మారకం రేటును బట్టి ఇది సుమారు లక్షా 70 వేల రూపాయలు, ఆ పైన. కొన్ని షరతుల కాగితాల్లో పాత అంకెలు కనిపించొచ్చు. మీరు ప్రయాణం చేసిన తేదీ చూసుకుని మాట్లాడండి.

అయితే ఇది గరిష్ఠం మాత్రమే. అందరికీ ఇంత ఇచ్చేస్తారని కాదు. నష్టం 6 వేలు అయితే వచ్చేది 6 వేలే, అదీ బ్యాగ్ పాతదైతే వాడకం కింద కొంత తగ్గిస్తారు. బ్యాగ్‌లో అంతకు మించిన విలువ ఉంటే, అప్పగించేటప్పుడే ఆ విలువను ప్రత్యేకంగా ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టే వీలుంది.

దేశంలోపలి ప్రయాణమైతే, ఉదాహరణకు హైదరాబాద్ నుంచి ఢిల్లీకి, పరిమితి తక్కువ. ప్రయాణికుడికి 20 వేల రూపాయలు. కానీ జిద్దా నుంచి ముంబై మీదుగా విజయవాడకు ఒకే టికెట్ మీద వస్తే, ముంబై–విజయవాడ భాగం కూడా అంతర్జాతీయ ప్రయాణంలో భాగమే. రెండు వేర్వేరు టికెట్లు కొనుక్కుంటే మాత్రం రెండూ వేర్వేరు లెక్కలు. చవగ్గా వస్తుందని విడివిడిగా బుక్ చేసేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఇలా దారిలో విమానం మారేవాళ్లకు ఇంకో జాగ్రత్త. దేశంలోకి అడుగుపెట్టిన మొదటి విమానాశ్రయంలో కస్టమ్స్ కోసం చాలాసార్లు సామాను తీసుకుని మళ్లీ అప్పగించాల్సి వస్తుంది. అక్కడే ఒకసారి చూసుకోండి. రెండు ఎయిర్‌లైన్స్ మారి వచ్చినప్పుడు "మా దగ్గర కాదు, వాళ్ల దగ్గర పగిలింది" అని ఒకరి మీద ఒకరు చెప్పడం మామూలే. ఒకే ప్రయాణంగా బుక్ చేసిన టికెట్ అయితే మొదటి ఎయిర్‌లైన్స్‌నైనా, చివరి ఎయిర్‌లైన్స్‌నైనా, పగిలిన దశలో మోసుకొచ్చినవాళ్లనైనా అడిగే హక్కు ఒప్పందం ఇచ్చింది.

బెల్ట్ దగ్గర చేయాల్సిన పని

సామాను బెల్ట్ మీద నుంచి దించగానే నాలుగు వైపులా తిప్పి చూడండి. చక్రాలు, హ్యాండిల్, జిప్, తాళం, మూలలు. బరువు తేడాగా అనిపించినా, తడిగా ఉన్నా, వాసన వస్తున్నా అక్కడే తెరవండి. వెనక నలుగురు తొందరపెడుతున్నా మొహమాటపడొద్దు.

తేడా కనిపిస్తే ముందు ఫొటోలు తీయండి. ఒకటి దూరం నుంచి, బెల్ట్ కూడా కనిపించేలా. ఒకటి పగిలిన చోటు దగ్గర నుంచి. ఒకటి ట్యాగ్ నంబర్ చదవగలిగేలా. తర్వాత అదే హాల్లో ఉండే మీ ఎయిర్‌లైన్స్ బ్యాగేజ్ డెస్క్‌కు వెళ్లండి. ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్, అంటే పీఐఆర్ కావాలని అడగండి. దాని కాపీ, రిఫరెన్స్ నంబర్ తీసుకోండి. ఈ నంబర్ మామూలుగా ఆ విమానాశ్రయం కోడ్‌తో మొదలవుతుంది. హైదరాబాద్ అయితే హెచ్‌వైడీ, విజయవాడ అయితే వీజీఏ.

గ్రూపుతో వెళ్లినవాళ్లకు ఒక మాట. ఉమ్రా గ్రూపుల్లో అందరి సామాన్ల ట్యాగులూ కొన్నిసార్లు ఒకరిద్దరి పేర్ల మీదే పడతాయి. ట్యాగ్ ముక్క గ్రూప్ లీడర్ జేబులో ఉండిపోతుంది. మీ సూట్‌కేస్ ట్యాగ్ ఎవరి పేరు మీద ఉందో చెక్-ఇన్ అప్పుడే చూసి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లేకపోతే ఆ సామాను మీదేనని చెప్పడానికే ఇబ్బంది అవుతుంది.

కౌంటర్‌లో వాళ్లు అక్కడికక్కడే కొంత డబ్బో, వోచరో, వేరే బ్యాగో ఇస్తామనొచ్చు. తీసుకోవచ్చు, తప్పులేదు. కానీ సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో "ఇక ఏ క్లెయిమూ లేదు" అనే అర్థం వచ్చే మాట ఉందేమో చూడండి. లోపలి వస్తువులు చూడకుండా అలాంటి కాగితం మీద సంతకం పెడితే, తర్వాత అత్తరు సీసాల గురించి అడగలేరు. ఇంగ్లీష్ చదవడం ఇబ్బందైతే, ఫొటో తీసి ఇంట్లో పిల్లలకు పంపి అడిగాకే సంతకం పెట్టండి.

"చక్రాలు, హ్యాండిళ్లకు మా బాధ్యత లేదు"

ఈ మాట చాలామంది వింటారు. వాడకంతో సహజంగా పడే గీతలు, సొట్టలు, మరకలకు పరిహారం ఇవ్వకపోవచ్చు, అది సమంజసమే. కానీ చక్రం ఊడిపోవడం, హ్యాండిల్ విరిగిపోవడం గీత పడటం లాంటిది కాదు. బాధ్యత నుంచి తప్పించుకునేలా గానీ, ఒప్పందం చెప్పిన పరిమితి కన్నా తగ్గించేలా గానీ ఎయిర్‌లైన్స్ సొంతంగా షరతు పెట్టుకుంటే ఆ షరతు చెల్లదని మాంట్రియల్ ఒప్పందంలోని 26వ అధికరణ చెబుతోంది. ఫిర్యాదులో ఈ ఒక్క వాక్యం రాస్తే అవతలివాళ్ల జవాబు తీరు మారే అవకాశం ఉంది.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త. పగిలే వస్తువులు, సరిగా ప్యాక్ చేయని డబ్బాలు ఇచ్చినప్పుడు కౌంటర్‌లో ఒక ట్యాగ్ మీద సంతకం అడుగుతారు. దాన్ని లిమిటెడ్ రిలీజ్ ట్యాగ్ అంటారు. ప్యాకింగ్ సరిగా లేదని మీరు ఒప్పుకున్నట్టు దాని అర్థం. ఆ సంతకం తర్వాత పరిహారం అడగడం కష్టమవుతుంది. దేనికి సంతకం పెడుతున్నారో అడిగి తెలుసుకోండి.

అప్పటికే ఇంటికి వచ్చేస్తే?

పీఐఆర్ లేకుండా ఇంటికి వచ్చేసినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. 7 రోజుల గడువు ఇంకా మీదే. ఆ రోజే ఈమెయిల్ పంపండి. అందులో ఇవి ఉండాలి: పేరు, పీఎన్ఆర్, విమానం నంబర్, తేదీ, ట్యాగ్ నంబర్, ఏం పాడైంది, ఎప్పుడు గమనించారు, ఎంత నష్టం, మీ బ్యాంక్ ఖాతా వివరాలు ఎప్పుడు కావాలన్నా ఇస్తామన్న మాట. ఫొటోలు, బోర్డింగ్ పాస్, వస్తువుల బిల్లులు జతచేయండి. విమానాశ్రయం నుంచి ఇంటికి ఎలా వచ్చారో కూడా ఒక వాక్యంలో రాయండి. క్యాబ్ బిల్లో, రైలు టికెట్టో ఉంటే మంచిది.

సూట్‌కేస్‌ను పారేయొద్దు. ముందే రిపేరు కూడా చేయించొద్దు. తెనాలిలోనో, బాపట్లలోనో బ్యాగులు రిపేరు చేసే షాపులో చూపించి, ఎంత అవుతుందో లేదా రిపేరుకు పనికిరాదని కాగితం మీద రాయించుకోండి. అది ఫిర్యాదుకు బలం. ట్యాగ్‌ను కూడా చించేయకుండా దాచండి.

ఎయిర్‌లైన్స్ పట్టించుకోకపోతే వాళ్ల వెబ్‌సైట్‌లో నోడల్ ఆఫీసర్, ఆ పైన అప్పీలేట్ అథారిటీ వివరాలు ఉంటాయి. వాళ్లకు రాయండి. తర్వాత పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయొచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, ఎయిర్‌లైన్స్ ఆఫీస్ ఉన్న ముంబైకో ఢిల్లీకో వెళ్లక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో వేసే సౌకర్యం కూడా ఉంది.

రైల్లో అయితే లెక్క వేరు

శంషాబాద్‌లో దిగి సికింద్రాబాద్ వెళ్లి, రేపల్లె డెల్టా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు చాలామంది. ఇక్కడ చట్టం తలకిందులవుతుంది. రైల్వే చట్టం, 1989లోని 100వ సెక్షన్ ప్రకారం, బుక్ చేసి రసీదు తీసుకోని సామానుకు రైల్వే బాధ్యత ఉండదు. మనతో పాటు బోగీలో పెట్టుకున్న సామాను పాడైనా, పోయినా, రైల్వే లేదా దాని సిబ్బంది నిర్లక్ష్యమే కారణమని మనమే నిరూపించాలి. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా, రైల్లో ప్రయాణికుడి నడుముకు కట్టుకున్న లక్ష రూపాయలు దొంగతనానికి గురైన కేసులో, తన సొత్తును తానే కాపాడుకోలేకపోయినప్పుడు అది రైల్వే సేవా లోపం కాదని తేల్చింది.

అందుకే విమానం సామాను రైలు ఎక్కేముందే చూసుకోవాలి. తెనాలి జంక్షన్‌లో దిగాక పగులు చూస్తే, అది విమానంలో జరిగిందో, బెర్త్ కింద తోసినప్పుడు జరిగిందో ఎవరూ చెప్పలేరు.

ఓడ ప్రయాణం, క్రూయిజ్ సంగతి

ఒకప్పుడు హజ్‌కు వెళ్లేవాళ్లు బొంబాయి దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి జిద్దాకు ఓడ ఎక్కేవారు. ఎంవీ అక్బరీ ఓడతో 1995లో ఆ దారి ఆగిపోయింది. ఇప్పుడు ఓడ అంటే సరదా ప్రయాణం. మన తీరంలో సూర్యలంక బీచ్, నిజాంపట్నం హార్బర్ ఉన్నా, క్రూయిజ్ ఎక్కాలంటే విశాఖకో చెన్నైకో వెళ్లాలి.

క్రూయిజ్‌లో సామాను రేవులో సిబ్బందికి అప్పగిస్తే గది దగ్గరికి చేరుస్తారు. దిగే ముందు రాత్రి గది బయట పెట్టమంటారు. ఈ రెండు సందర్భాల్లోనే ఎక్కువగా దెబ్బ తగులుతుంది. మాంట్రియల్ ఒప్పందం ఓడలకు వర్తించదు. పరిహారం ఎంత, గడువు ఎంత అన్నది చాలావరకు టికెట్ షరతుల్లో ఉంటుంది. కాబట్టి బుక్ చేసేటప్పుడే సామాను గురించిన పేరా చదవండి. ఎక్కేటప్పుడు దెబ్బతింటే అదే రోజు ఓడలోని గెస్ట్ సర్వీస్ కౌంటర్‌లో రాయించండి. దిగేటప్పుడు కనిపిస్తే రేవు టెర్మినల్ దాటకముందే రాయించి కాపీ తీసుకోండి. ఓడ దిగి విశాఖ స్టేషన్‌లో రైలెక్కాక మళ్లీ అదే ప్రశ్న ఎదురవుతుంది: ఎక్కడ పగిలింది?

వెళ్లే ముందు ఐదు నిమిషాలు

సామాను సర్దాక తెరిచి ఒక ఫొటో, మూసి ఒక ఫొటో తీయండి. కౌంటర్‌లో అప్పగించేటప్పుడు ట్యాగ్‌తో ఇంకో ఫొటో. బంగారం, డబ్బు, ఫోన్లు, మందులు, కాగితాలు పెద్ద సూట్‌కేస్‌లో పెట్టొద్దు, చేతి సంచిలోనే ఉంచండి. అత్తరు సీసాలను రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బట్టల మధ్యలో పెట్టండి. జిద్దా విమానాశ్రయంలో తాళ్లతో కట్టిన సామాన్లను, గుడ్డ మూటలను తీసుకోరు. అక్కడ ఆఖరి నిమిషంలో హడావిడిగా మార్చి ప్యాక్ చేసిన సామానే ఎక్కువగా పగులుతుంది. జంజం నీళ్లను కూడా సూట్‌కేస్‌లో పెట్టకూడదు, విడిగా ప్యాక్ చేసిన క్యాన్‌గానే తీసుకుంటారు.

బ్యాగ్ లోపల కూడా మీ పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. పైన ట్యాగ్ ఊడిపోయినా అది ఉపయోగపడుతుంది.

మొదట చెప్పుకున్న కుటుంబం విషయానికొస్తే, వాళ్లు ఫోన్ పెట్టేసి ఊరుకోనక్కర్లేదు. అది మర్నాడే కదా, గడువులో ఇంకా రోజులున్నాయి. ఫొటోలు, ట్యాగ్ నంబర్, షాపు కాగితంతో ఆ సాయంత్రమే ఈమెయిల్ పంపితే వాళ్ల హక్కు నిలబడుతుంది. కాకపోతే దారిలో పగల్లేదని చెప్పుకోవాల్సిన కష్టం మిగులుతుంది. అదే పని శంషాబాద్ బెల్ట్ దగ్గర ఓ అరగంట ఆగి చేసి ఉంటే ఆ కష్టం ఉండేది కాదు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణమైతే, బయట బండి అరగంట ఆగినా ఫర్వాలేదని వాళ్లకు ముందే చెప్పండి.